పేజీ కట్టే ప్రోగ్రాం – 4వ పాఠం: కాగితం ఎక్కడ తిప్పాలి

పోయిన మూడు పాఠాల్లో మనం చేసిన పని ఇదీ: ఫైల్లోని మాటలను ఒక్కొక్కటే తీసుకున్నాం, వరుసలో చోటున్నంత వరకు పేర్చాం, చోటు చాలనప్పుడు కింది వరుసకు దిగాం. 'లక్ష్మి' అనే మాటను కంప్యూటరు 7 గుర్తులుగా లెక్కపెడుతుందని, మన కంటికి మాత్రం అవి రెండే అక్షరాలని, అందుకే వెడల్పు సంగతి ఫాంటునే అడగాలని మూడో పాఠంలో చూశాం. అది పూర్తి చేయనివాళ్లు ముందు అది ముగించుకుని రండి. ఈ పాఠానికి కావలసింది ఒకటే. పేరా ఇస్తే, నిండిన వరుసల జాబితా మీ ప్రోగ్రాం నుంచి బయటికి రావాలి.

ఇప్పుడు ఆ వరుసలను పేజీల్లోకి దించాలి. మాటలు పట్టకపోతే కింది వరుస, వరుసలు పట్టకపోతే తర్వాతి పేజీ, ఇందులో ఏముంది అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని ఒక్క సాయంత్రంలో రాసేశాను. మా మామ దాన్ని ఒక్క నిమిషంలో కొట్టిపారేశాడు.

మామ కడపలో దస్తావేజు లేఖరి. చిత్తు ప్రతి చేత్తో రాసి, ఏడు రోడ్ల దగ్గర డీటీపీ సెంటరులో టైపు చేయించి, తప్పులు దిద్ది, మళ్లీ ప్రింటు తీయించి, ఇలా ఒక్క క్రయ దస్తావేజుకు మూడుసార్లు తిరిగేవాడు. ఆ తిరుగుడు తప్పిద్దామని నా ప్రోగ్రాంతో తెల్లకాగితం మీద ఒకటి ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన విషయం చదవలేదు. నేరుగా చివరి కాగితం తీశాడు.

"ఏంరా అబ్బోడా, దీంట్లో వట్టి సంతకాలేనా? దీనికి ముందర ఏ కాగితం పెట్టినా అతుక్కుంటాదే! రెండు వరుసలన్నా విషయం ఉండాల."

ప్రతి కాగితం అడుగునా సంతకం పెట్టిస్తారు కదా అన్నాను. పెట్టించినా సరే, ఉండాల అన్నాడు. తర్వాత మధ్య కాగితాలు తిప్పాడు. చెక్కుబందీలో, అంటే స్థలం నాలుగు దిక్కుల హద్దులు రాసే ముక్కలో, తూర్పు, పడమర రెండో కాగితం అడుగున ఉన్నాయి, ఉత్తరం, దక్షిణం మూడో కాగితం నెత్తిన ఉన్నాయి. "స్థలమేమన్నా రెండు ముక్కలయిందా?" అన్నాడు.

రెండూ ఒకే జబ్బు. నా ప్రోగ్రాం వరుస చేతికి రాగానే కాగితం మీద పడేసేది. వెనకాల ఏం వస్తోందో దానికి తెలియదు. పడేసిన వరుసను మళ్లీ వెనక్కి తీసుకోలేం. మామ చిత్తు ప్రతిలో ముందే వరుసలు లెక్కపెట్టుకుని, ఇక్కడ ఆపు, ఇది అవతలికి తోయి అని పక్కన గుర్తులు పెట్టుకుంటాడు. ఈ పాఠమంతా ఆ పనిని ప్రోగ్రాంకు నేర్పడమే.

ముందు కొలతలు. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. లీగల్ కాగితం పొడవు 14 అంగుళాలు, అంటే 1008 పాయింట్లు. వరుసకూ వరుసకూ మధ్య దూరం 18 పాయింట్లు పెట్టుకుందాం. తెలుగుకు ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయే దూరం చాలదు. 14 పెట్టి చూడండి, పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది.

మామూలు పేజీకి పైన 108, కింద 72 పాయింట్లు వదిలితే 828 మిగులుతాయి. 18తో భాగిస్తే 46 వరుసలు. మొదటి పేజీ వేరు. అది స్టాంపు కాగితం, పైభాగంలో బొమ్మ, ముద్ర ఉంటాయి, రాత వాటి కిందనుంచే మొదలవ్వాలి. మీ దగ్గరున్న కాగితాన్ని స్కేలుతో కొలవండి. నేను ఇక్కడ 5 అంగుళాలు అనుకుంటున్నాను. 1008లోంచి 360, 72 తీసేస్తే 576, అంటే 32 వరుసలు. కాబట్టి 'పేజీకి ఎన్ని వరుసలు' అనేదాన్ని ప్రోగ్రాంలో ఒక అంకెగా రాయకండి. పేజీ నంబరు ఇస్తే వరుసల లెక్క చెప్పే చిన్న ఫంక్షన్‌గా రాయండి. 1 ఇస్తే 32, మిగతా దేనికైనా 46.

పాతకాలంలో ఈ లెక్క ఇంకా తేలిక. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు అంగుళానికి 6 వరుసలు కొట్టేది, 11 అంగుళాల కాగితానికి 66 వరుసలు. పేజీ అయిపోయిందని చెప్పడానికి 12వ నంబరు గుర్తు పంపితే చాలు, కాగితం సర్రున తర్వాతి చిల్లుల గీత దాకా జరిగేది.

ఇప్పుడు అసలు పని. గుర్తు పెట్టుకోవలసినవి మూడే: పేజీ నంబరు, ఈ పేజీలో ఇంకా ఎన్ని వరుసలు మిగిలాయి, పేజీ తెరిచి ఉందా లేదా. మూడోది ఎందుకని చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే ఏమవుతుందంటే, చివరి వరుస సరిగ్గా 46వ చోట పడిన రోజున, ప్రోగ్రాం ఆ పేజీ మూసి వెంటనే ఇంకొకటి తెరుస్తుంది, దాని మీద పేజీ నంబరు వేస్తుంది, రాయడానికి ఏమీ లేక ఖాళీ కాగితం బయటికి తోస్తుంది. అందుకని పేజీ నిండినప్పుడు మూయండి, తెరవకండి. రాయవలసిన వరుస వచ్చినప్పుడే తెరవండి.

    వరుస పెట్టు:
        పేజీ మూసి ఉంటే
            వరుస ఖాళీది అయితే వదిలెయ్యి, ఇక్కడితో ఆగు
            కొత్త పేజీ తెరువు
        వరుసను పేజీలో చేర్చు
        మిగిలిన లెక్కలో 1 తగ్గించు
        మిగిలింది 0 అయితే పేజీ మూసెయ్యి

మీకు వచ్చిన భాషలోకి మార్చుకోండి, పైథాన్ అయినా సీ అయినా ఇందులో తేడా రాదు. రెండో మెట్టు చూశారా? పేరాల మధ్య వదిలే ఖాళీ వరుస కొత్త పేజీ నెత్తిన పడితే అక్కడ గుంట పడ్డట్టు కనిపిస్తుంది, అందుకే మింగేస్తున్నాం.

ఇక చెక్కుబందీ. విడిపోకూడని ముక్క ఇదీ అని ప్రోగ్రాంకు ఎవరో ఒకరు చెప్పాలి. మన ఫైల్లో చుక్కతో మొదలయ్యే వరుస ఆదేశం అని మొదటి పాఠంలో అనుకున్నాం కదా. ఈ చుక్క పద్ధతి మనం కనిపెట్టింది కాదు. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన రన్ఆఫ్ అనే ప్రోగ్రాంలోనే ఉంది. దాని వారసురాలు రాఫ్. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తయారైన బెల్ ల్యాబ్స్‌లో 1971లో పేటెంట్ల విభాగం తన దరఖాస్తులు టైపు చేయడానికి దాన్నే వాడుకుంది. మామకు ఇది చెబితే, "అయితే అక్కడా లేఖరులేనా మొదట పట్టుకున్నేది?" అన్నాడు. ఒకరకంగా నిజమే.

రాఫ్ కుటుంబంలో 'ఇన్ని వరుసల చోటు కావాలి, లేకపోతే పేజీ తిప్పు' అనే ఆదేశం ఉంది. రాయడం చాలా తేలిక: మిగిలింది అడిగినదానికంటే తక్కువైతే పేజీ మూసెయ్యి, అంతే. కానీ ఎన్ని వరుసలో రాసేవాడే లెక్కపెట్టాలి. దక్షిణం హద్దు 'ఓబులేసు గారి ఇంటి గోడ' నుంచి పెద్ద వాక్యంగా పెరిగి రెండు వరుసలైతే లెక్క తప్పుతుంది. నాకు రెండో పద్ధతే నచ్చుతుంది. ముక్కకు ముందు '.కట్ట', తర్వాత '.విప్పు' అని రాస్తాం. '.కట్ట' కనబడగానే ప్రోగ్రాం వరుసలను పేజీలోకి పంపడం ఆపి పక్కన ఒక బుట్టలో వేసుకుంటుంది. '.విప్పు' వచ్చాక బుట్టలో ఎన్ని ఉన్నాయో చూస్తుంది. పేజీ తెరిచి ఉండి, మిగిలిన చోట పట్టకపోతే పేజీ మూస్తుంది. తర్వాత బుట్టను ఒక్కో వరుసగా 'వరుస పెట్టు'కు ఇస్తుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. 'పట్టేదాకా పేజీ తిప్పుతూ ఉండు' అని లూపులో రాశాను. ఒకసారి '.విప్పు' రాయడం మరిచాను. దస్తావేజు మొత్తం బుట్టలో పడింది, 90 చిల్లర వరుసలు. అది ఏ పేజీలోనూ పట్టదు. ప్రోగ్రాం పేజీ తిప్పింది, పట్టలేదు, మళ్లీ తిప్పింది. నంబరు తప్ప ఏమీ లేని కాగితాలు ప్రింటరు నుంచి వస్తూనే ఉన్నాయి. ప్లగ్గు పీకి ఆపాను. రెండు జాగ్రత్తలు: పేజీ ఒక్కసారే తిప్పండి, అప్పటికీ పట్టకపోతే పట్టినంత పోసెయ్యండి. రెండోది, మొదట స్క్రీను మీదే చూసుకోండి, స్టాంపు కాగితం ఊరికే రాదు.

కట్టను అవతలికి తోస్తే ఇవతల అడుగున ఖాళీ మిగులుతుంది. మామూలు వ్యాసంలో ఫరవాలేదు. దస్తావేజులో ఆ ఖాళీలో తర్వాత ఎవరైనా ఒక వరుస ఇరికించవచ్చు. అందుకే లేఖరులు అక్కడ అడ్డంగా గీత కొట్టేస్తారు. పేజీ మూసే చోట ఒక్క షరతు చేర్చండి: మిగిలినవి 3 కంటే ఎక్కువైతే ఆ ఖాళీలో మూల నుంచి మూలకు గీత.

పేరాలకు ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు, విడిపోవచ్చు. కానీ పేరా మొదటి వరుస ఒక్కటే పేజీ అడుగున, లేదా చివరి వరుస ఒక్కటే పేజీ నెత్తిన ఒంటిగా నిలబడకూడదు. పేరా వరుసలు మొత్తం చేతికి వచ్చాకే దించడం మొదలుపెడతాం కాబట్టి లెక్క ముందే వేసుకోవచ్చు. పేరాలో 7 వరుసలు, పేజీలో మిగిలింది 6 అనుకోండి. ఆరూ ఇక్కడ పెడితే ఏడోది అవతల ఒంటరి. అందుకని 5 పెట్టి పేజీ మూస్తాం, 2 అవతలికి పోతాయి. మిగిలింది 1 అయితే ఏమీ పెట్టకుండా తిప్పేస్తాం. పేరా 3 వరుసలు, మిగిలింది 2 అయితే? ఒకటి తగ్గిస్తే ఇక్కడ ఒంటరి, తగ్గించకపోతే అక్కడ ఒంటరి. మూడూ అవతలికే.

మన కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయంలో తాళపత్రాలు చూసినవాళ్లకు ఇదంతా అతిగా అనిపించవచ్చు. ఆకు ఈ చివర నుంచి ఆ చివర దాకా మాటకూ మాటకూ ఎడం లేకుండా నింపుకుంటూ పోయారు, మాట మధ్యలో ఆకు అయిపోతే తర్వాతి ఆకులో అందుకున్నారు. అంచున ఆకు సంఖ్య ఉంటే చాలు. వాళ్లకు ఆకులు సిద్ధం చేసుకోవడం కష్టం. మనకు మామతో కష్టం.

మిగిలింది సంతకాలు. సంతకాల ముక్క ఎలాగూ ఒక కట్టే: రాసి ఇచ్చినవారు, సాక్షులు ఇద్దరు, మధ్య ఖాళీలు కలిపి ఒక 10 వరుసలు. దానికి పై పేరాలోని చివరి రెండు వరుసలు అంటుకుని ఉండాలి. నేను మొదట పేజీలు కట్టేటప్పుడే ఇది పట్టించుకోబోయి షరతుల మీద షరతులు పెట్టి చిక్కు చేసుకున్నాను. పేజీలు కట్టడానికి ముందే చేస్తే రెండు నిమిషాల పని. దస్తావేజు మొత్తాన్ని పేరాలు, కట్టలు వరసగా ఉన్న జాబితాగా తెచ్చుకోండి. ఏదైనా కట్టకు '.కట్ట అతుకు' అని ఉంటే, దాని ముందున్న పేరా చివరి రెండు వరుసలు ఊడదీసి ఈ కట్ట మొదట్లో చేర్చండి. మధ్యలో ఉండే ఖాళీ వరుస కూడా కట్ట లోపలికే పోవాలి. పేరా 3 వరుసలో, అంతకంటే తక్కువో అయితే మొత్తం పేరానే లాగేయండి, లేకపోతే వెనక ఒక్కటి మిగిలిపోతుంది. తర్వాత పేజీలు కట్టే భాగానికి ఈ సంగతి తెలియనే అక్కర్లేదు.

ఇదే ఊపులో ఇంకొకటి. ప్రతి కాగితం అడుగున '4లో 2వ పేజీ' అని వేయాలి. రెండో పేజీ కట్టేటప్పుడు మొత్తం 4 అని తెలియదు. మనది చిన్న దస్తావేజు కాబట్టి పేజీలన్నీ మెమరీలోనే పెట్టుకుని, చివరి పేజీ మూశాక మొదటికి వచ్చి నంబర్లు వేసి అప్పుడు ప్రింటరుకు పంపుదాం. ఇలాంటి పనికే లేటెక్ అనే పేజీలు కట్టే ప్రోగ్రాంను రెండుసార్లు నడుపుతారు. మొదటిసారి లెక్క ఫైల్లో రాసుకుంటుంది, రెండోసారి వాడుకుంటుంది. లేటెక్‌కు పునాది అయిన టెక్‌ను రాసిన డొనాల్డ్ నూత్, అందులో వరుసలు విరవడానికి పేరా మొత్తాన్ని చూసి నిర్ణయించే పద్ధతి పెట్టాడు, కానీ పేజీల దగ్గర మాత్రం ఒక్కో పేజీనే చూసుకుంటూ పోయాడు. అప్పటి కంప్యూటర్లలో చాలా పేజీలు ఒకేసారి పట్టేంత మెమరీ లేదు. మన ఫోన్లలోనే ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు.

ఇంటి పని: చిన్నచౌకులో 3 సెంట్ల స్థలానికి ఒక ఉత్తుత్తి క్రయ దస్తావేజు రాసుకోండి, పేర్లు మీరే కల్పించండి. చెక్కుబందీ సరిగ్గా 30వ వరుస దగ్గర మొదలయ్యేలా పైన పేరాలు పెంచండి, తగ్గించండి. మొదటి పేజీలో పట్టేది 32 కాబట్టి కట్ట మొత్తం రెండో పేజీకి దిగాలి, మొదటి పేజీ అడుగున చోటు మిగలాలి. మిగిలేది మూడే వరుసలు కాబట్టి గీత పడకూడదు. తర్వాత అదే చెక్కుబందీని 28వ వరుసకు జరిపి చూడండి. హద్దులకు తోడు శీర్షిక, ఖాళీ వరుస కలిసి కట్ట 6 వరుసలైతే ఇది కూడా పట్టదు, ఈసారి గీత పడాలి. 27కు జరిపితే సరిగ్గా పట్టి పేజీ మూసుకోవాలి. మీ ప్రోగ్రాం 27 దగ్గర కూడా తిప్పేస్తుంటే, పోల్చే చోట 'తక్కువ' అనాల్సింది 'తక్కువ లేదా సమానం' అని రాసి ఉంటారు, అక్కడ చూడండి.

వచ్చే పాఠంలో 'రూ. 4,50,000' లాంటిది రెండు వరుసలకు చీలకుండా ఆపడం, అంకెల్లో ఇచ్చిన మొత్తాన్ని ప్రోగ్రామే అక్షరాల్లో రాయడం.