రీఫ్ ట్యాంకులో నీటి కదలిక: లక్షణాన్ని బట్టి పంపు ఎంపిక

రీఫ్ ట్యాంకులో, అంటే సజీవ పగడాలను పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, పగడాలు వాడిపోతే చాలామంది ముందు లైటును, తర్వాత ఉప్పును అనుమానిస్తారు. పంపు తిరుగుతూనే ఉంది కదా అని దాని జోలికి పోరు. పంపు తిరగడం వేరు, నీరు తిరగడం వేరు. కొత్త పంపు కొనే ముందు, పాతవి నడుస్తుండగానే చిటికెడు పొడి మేత నీటిలో వదిలి పక్క అద్దంలోంచి చూడండి. రేణువులు ఎక్కడ చతికిలబడితే అక్కడికి ప్రవాహం అందడం లేదన్నమాట.

రాళ్ల వెనుక మడ్డి, ఇసుకపై ఎర్రటి జిగురు పొర

ఈ పొర సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులది. నైట్రేటు, ఫాస్ఫేటుల పొంతన తప్పినా వస్తుంది కాబట్టి నీటి పరీక్ష తప్పనిసరి. కానీ తీసేసిన ప్రతిసారీ అదే మూలలో తిరిగి పుడుతుంటే ప్రవాహాన్ని పట్టించుకోవాలి.

ఇక్కడ చాలామంది చేసే పని, సంప్‌లోని (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టిలోని) రిటర్న్ పంపును మార్చి పెద్దది పెట్టడం. అది డబ్బు దండగ. నీటిని సంప్‌కూ ట్యాంకుకూ మధ్య తిప్పడమే దాని పని. గంటకు ట్యాంకు పరిమాణానికి 3–5 రెట్లు చాలు. లోపలి కదలికకు వేవ్‌మేకర్లు, అంటే ట్యాంకు లోపలే నీటిని తోసే పంపులు, కావాలి. మెత్తటి పగడాలకు గంటకు 10–20 రెట్లు, టార్చ్, హామర్ వంటి పెద్ద పాలిప్‌ల (పగడంలోని ఒక్కో జీవిని పాలిప్ అంటారు) రకాలకు 20–30, అక్రోపోరా వంటి చిన్న పాలిప్‌ల రకాలకు 40 రెట్లు, ఆపైన అన్నది వాడుకలో ఉన్న లెక్క. 200 లీటర్ల ట్యాంకుకు 20 రెట్లంటే గంటకు 4,000 లీటర్లు. దానికి ఒకే పెద్ద పంపు కొనకండి. 2,000 లీటర్లవి రెండు తీసుకుని, చెరొక చివర బిగించి నడిపితే మూలల్లోని మడ్డి లేస్తుంది. ఒకటి మొరాయించినా రెండోది ఆదుకుంటుంది.

టార్చ్ పగడం ఒకవైపే ముడుచుకోవడం

దగ్గరగా చూడండి: పంపు వైపు టెంటకిల్స్ (తీగల్లాంటి చేతులు) అణిగి ఉంటాయి, అంచున కండ జారి తెల్లటి అస్థిపంజరం కనిపిస్తుంది. ధార నేరుగా తగులుతోంది. సన్నని మూతి ఉన్న పవర్‌హెడ్‌లతో (నీటిలో మునిగి పనిచేసే చిన్న పంపులతో) ఈ బాధ ఎక్కువ. వెడల్పుగా నీరు చిమ్మే ప్రొపెల్లర్ పంపు ఎంచుకుని, దాన్ని పగడం వైపు కాకుండా ఎదురు అద్దం వైపు తిప్పండి. అద్దానికి తగిలి విరిగిన ప్రవాహం దిక్కు మార్చుకుంటూ వస్తుంది. పగడాలకు కావలసింది అదే. వేగం మార్చుకోగల డీసీ పంపయితే ఇంకా మంచిది.

ఇసుక ఒకచోట గుంట, మరోచోట మేట

పంపును పైకి జరిపి కొద్దిగా పైకి వంచండి. సన్నని ఇసుకకూ అక్రోపోరాకు కావలసిన వడికీ పొసగదు. ముతక ఇసుక వేయక తప్పదు.

నీటిపై తెట్టు, తెల్లవారేసరికి చేపల ఆయాసం

రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగుతుంది, ఆక్సిజన్ వాడకం మాత్రం ఆగదు. ఉపరితలం కదలకపోతే గాలి నుంచి అది భర్తీ కాదు. ఒక పంపును ఉపరితలం వైపు తిప్పండి. సుడి ఏర్పడి గాలి బుడగలు లోపలికి పీల్చుకుంటుంటే కాస్త కిందికి దించండి.

రిటర్న్ ధార నీరసంగా ఉండడం

పెట్టె మీది అంకె నీరు ఏ ఎత్తుకూ ఎక్కనవసరం లేనప్పటిది. సంప్ నీటి మట్టం నుంచి ట్యాంకులోకి నీరు పడే చోటి వరకు ఎత్తు కొలిచి, ఆ ఎత్తులో ఎంత ఇస్తుందో పంపుతో వచ్చే పట్టికలో చూడండి. పైపు వంపులూ కొంత తగ్గిస్తాయి. మునుపు బాగానే ఇచ్చి ఇప్పుడు తగ్గితే, గరగర చప్పుడూ తోడైతే, ఇంపెల్లర్‌కు (లోపల నీటిని తోసే రెక్కల చక్రానికి) సున్నం గార పట్టి ఉంటుంది. ప్లగ్గు తీసి, పంపు విప్పి, వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి కడగండి. ఇరుసు అరిగితే మార్చాల్సిందే. అందుకే విడిభాగాలు దొరకని పంపు ఎంత చౌకైనా నేను కొనను.

కరెంటు పోగానే సంప్ పొంగడం

నీటిలో మునిగిన రిటర్న్ పైపు మూతి సైఫన్‌గా మారి ట్యాంకు నీటిని వెనక్కి లాగుతుంది. మూతిని ఉపరితలానికి దగ్గరగా పెట్టి, నీటి మట్టానికి కొంచెం కింద పైపుకు చిన్న రంధ్రం చేయండి. మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రం నాచుతో పూడిపోతుంది, శుభ్రం చేస్తుండాలి. పెద్ద పంపు పెట్టిన రోజే ప్లగ్గు తీసి, నీరు సంప్‌లో ఎంతవరకు లేస్తుందో చూసి అక్కడ గీత గీసుకోండి.