చైనీస్ వాక్యంలో మాటలు తారుమారవుతుంటే

ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు చైనీస్ నేర్పేటప్పుడు మొదటి నెల హాయిగా గడిచిపోతుంది. 'వో ఖాన్ షూ' అంటే నేను పుస్తకం చదువుతాను. కర్త, క్రియ, కర్మ: అచ్చం ఇంగ్లీషు వరుసే. చిక్కంతా ఆ పోలికతోనే వస్తుంది.

సమస్య: 'రోజూ', 'లైబ్రరీలో' అన్నవి వాక్యం చివర వేలాడుతుంటాయి

'నేను రోజూ లైబ్రరీలో పుస్తకం చదువుతాను' అనమంటే 'వో ఖాన్ షూ త్సాయ్ థూషూక్వాన్ మెయ్‌థియెన్' అని రాసుకొస్తారు. 'త్సాయ్ థూషూక్వాన్' అంటే లైబ్రరీలో, 'మెయ్‌థియెన్' అంటే రోజూ. ఇంగ్లీషులో ఎప్పుడు, ఎక్కడ అన్నవి ఎక్కువగా క్రియ దాటాకే వస్తాయి మరి. చైనీస్‌లో అవి క్రియకు ముందు: 'వో మెయ్‌థియెన్ త్సాయ్ థూషూక్వాన్ ఖాన్ షూ'. రూలు వల్లె వేయించి లాభం లేదు. మాటల్ని చీటీల మీద రాసి బల్ల మీద కలిపేసి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తారు అన్న వరుసలో పేర్పించండి.

అలాగని 'చోటు ఎప్పుడూ ముందే' అని మాత్రం చెప్పేయకండి. చైనీస్ మాటల వరుస చాలావరకు పని జరిగిన వరుసే అని 1985లో జేమ్స్ టాయ్ అనే భాషావేత్త చూపించారు. ఆయన కోతి ఉదాహరణ నాకు భలే ఇష్టం. 'త్సాయ్ మాపెయ్ షాంగ్ థియావ్' అంటే కోతి గుర్రం వీపు మీదే ఉండి గెంతుతోంది. 'థియావ్ త్సాయ్ మాపెయ్ షాంగ్' అంటే గెంతి వీపు మీదికి చేరింది. ఒకసారి బొమ్మ గీసి చూపిస్తే చాలు.

సమస్య: 'మూడేళ్లు' కూడా ముందుకొచ్చేస్తుంది

ఇది మన పాఠం చేసిన తప్పే. కాలం ముందు పెట్టమన్నాం, పెట్టేశారు. ఎప్పుడు అన్నది ముందు, ఎంతకాలం అన్నది క్రియ తర్వాత అని విడదీసి చెప్పండి: 'వో ష్యుయెల సాన్ నియెన్ చుంగ్‌వెన్', మూడేళ్లు చైనీస్ చదివాను. చదవడం మొదలెట్టాకే కదా మూడేళ్లు గడిచేది!

సమస్య: 'నేను నిన్న కొన్న పుస్తకం' అనమంటే 'షూ'తో మొదలెడతారు

ఇంగ్లీషులో పుస్తకం ముందొచ్చి వివరం వెనకాల నడుస్తుంది. చైనీస్‌లో వివరమే ముందు: 'వో త్సువోథియెన్ మాయ్ త షూ'. క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలుంటే తెలుగులో అడిగి చూడండి. నేను, నిన్న, కొన్న, పుస్తకం. వివరాన్ని పుస్తకానికి కలిపే ఆ 'త' ఒక్కటే మధ్యలో అదనం.

సమస్య: ప్రశ్నలో 'షెన్మ' (ఏమిటి) ముందుకు దూకుతుంది

ముందు జవాబు రాయించండి: 'వో హ ఛా', నేను టీ తాగుతాను. ఛా అంటే మన చాయే. ఇప్పుడు 'వో' (నేను) తీసి 'నీ' (చైనీస్‌లో నువ్వు) పెట్టి, ఛా ఉన్నచోటే 'షెన్మ' కూర్చోబెట్టమనండి: 'నీ హ షెన్మ?', నువ్వేం తాగుతావు?