అల్లం వెల్లుల్లి ముద్ద మాత్రం కొనకండి

అడక్కుండా చెప్తున్న సలహా ఇది. ఇడ్లీ పిండి బయట కొనుక్కోండి, తప్పేం లేదు. పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తేవాళ్లకి గ్రైండర్ కడుక్కుంటూ కూర్చునే తీరికెక్కడిది? అల్లం వెల్లుల్లి పేస్ట్ ప్యాకెట్ మాత్రం వద్దు. కొనేముందు దాని వెనక సన్నటి అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చదవండి. మన దేశంలో ఏది ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలి. ఉప్పు, నీళ్లు ఎన్నో వరసలో ఉన్నాయో చూస్తే సంగతి మీకే తెలుస్తుంది.

ఇంట్లో చేయడంలో విసుగంతా వెల్లుల్లి పొట్టు దగ్గరే. రెబ్బలు విడదీసి గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెడితే, వేలితో నొక్కగానే పొట్టు జారిపోతుంది. ఆ తర్వాత గుడ్డ మీద బాగా ఆరనివ్వాలి. అల్లం చెక్కు చెంచాతో గీకెయ్యండి, కత్తి అక్కర్లేదు. పీచుకి అడ్డంగా సన్నని చక్రాల్లా కోయండి. నిలువుగా కోస్తే పీచంతా మిక్సీ బ్లేడుకి చుట్టుకుంటుంది. రెండూ సమానంగా తీసుకోవచ్చు, మా ఇంట్లోనైతే వెల్లుల్లి కాస్త ఎక్కువే పడుతుంది. కొంచెం ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి తిప్పండి. నీళ్లు చుక్క కూడా వద్దు.

పొడి గాజు సీసాలో ఎత్తి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, వారంలోపు వాడెయ్యండి. నూనె తగిలిన పచ్చి వెల్లుల్లిని గట్టు మీద వదిలేయడం ప్రమాదం. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో గడ్డకట్టించి, కూరకో ముక్క తీసుకోండి. ముద్ద ఒక్కోసారి ఆకుపచ్చగా మారుతుంది. అది వెల్లుల్లిలోని గంధకం చేసే పని, కంగారుపడి పారబోయకండి. బూజు పడితేనో, పులిసిన వాసనొస్తేనో పారెయ్యాలి.