రౌటర్ మార్చాక ప్లాటర్ ఆఫ్‌లైన్ అంటోందా? మళ్లీ నెట్‌వర్క్‌లో కలపడం ఇలా

కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ వచ్చింది. టెక్నీషియన్ రౌటర్‌ను గోడకు బిగించి, ఫోన్‌లో స్పీడ్ చూపించి వెళ్లిపోయాడు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ బాగానే నడుస్తున్నాయి. తీరా కస్టమర్ ఇంటి ప్లాన్ ప్రింట్ అడిగేసరికి కంప్యూటర్ ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అంటుంది. ప్లాటర్ (ప్లాన్లు, పోస్టర్లు వేసే పెద్ద ప్రింటర్) దగ్గరికెళ్లి చూస్తే దాని స్క్రీన్ మీద ‘రెడీ’ అని ఉంటుంది. రెండూ నిజమే చెబుతున్నాయి. మెషీన్‌కు ఏమీ కాలేదు, కంప్యూటర్ వెతుకుతున్న చోట అది లేదు, అంతే.

అందుకే ముందు డ్రైవర్ (కంప్యూటర్ నుంచి ప్లాటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) జోలికి వెళ్లకండి. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తే మీరు సేవ్ చేసుకున్న పేపర్ సైజులు, క్వాలిటీ సెట్టింగులు పోవచ్చు. పైగా విండోస్ ఒక్కోసారి అదే ప్లాటర్‌ను ‘కాపీ 1’ అని కొత్త పేరుతో చేరుస్తుంది. ఆటోకాడ్‌లో పాత పేరు మీద చేసుకున్న పేజ్ సెటప్‌లు అప్పుడు ప్లాటర్‌ను గుర్తుపట్టవు. చిన్న పనిని పెద్దది చేసుకోవడమే.

అసలు సంగతి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే నంబర్. పాత రౌటర్ నంబర్ 192.168.1.1 అనుకుంటే, దాని కింద ఉన్నవన్నీ 192.168.1తోనే మొదలవుతాయి. కొత్తది జియోఫైబర్ రౌటర్ అయితే సాధారణంగా 192.168.29.1 ఉంటుంది. టీపీ-లింక్ రౌటర్లు చాలావాటిలో 192.168.0.1. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కొత్త రౌటర్‌ను అడిగి కొత్త నంబర్ తెచ్చుకుంటాయి. ప్లాటర్‌కు మాత్రం ఇన్‌స్టాల్ చేసిన రోజున ఎవరో 192.168.1.50 లాంటి నంబర్‌ను మాన్యువల్‌గా పెట్టేసి ఉంటారు. వీధి మారినా పాత డోర్ నంబరే పట్టుకుని కూర్చుంటుందది.

ఇంకో మాట. ఫ్లెక్స్ మెషీన్లు చాలావరకు రౌటర్‌తో సంబంధం లేకుండా యూఎస్‌బీ మీదో, నేరుగా కంప్యూటర్‌కే వేసిన లాన్ కేబుల్ మీదో నడుస్తాయి. మీది అలాంటిదైతే దాని సెట్టింగులు ముట్టుకోవద్దు. కేబుల్ పట్టుకుని చివరిదాకా వెళ్లి చూడండి, ఎక్కడికి పోతోందో తెలిసిపోతుంది.

ప్లాటర్‌లో ఏమీ మార్చకుండా బయటపడే దారి

ఆఫీసులో నాలుగైదు కంప్యూటర్లు, సీసీటీవీ డీవీఆర్, బయోమెట్రిక్ అటెండెన్స్ మెషీన్ కూడా ఉంటే వాటిలో చాలావాటికి పాత నంబర్లే ఫిక్స్ చేసి ఉంటాయి. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయేకంటే కొత్త రౌటర్‌నే పాతదానిలా మార్చడం మేలు. లాన్ సెట్టింగ్స్‌లో దాని ఐపీని 192.168.1.1గా, సబ్‌నెట్ మాస్క్‌ను 255.255.255.0గా పెట్టండి. డీహెచ్‌సీపీ (పరికరాలకు రౌటరే నంబర్లు పంచే పద్ధతి) రేంజ్ కూడా అదే వరుసలోకి మారిందో లేదో చూడండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టండి, అక్షరం కూడా తేడా రాకూడదు. పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా కూడా లెక్కే.

ఈ పని కేబుల్‌తో కలిపిన ల్యాప్‌టాప్ నుంచే చేయండి. సేవ్ నొక్కగానే కనెక్షన్ తెగిపోతుంది, కంగారు పడొద్దు. రౌటర్ సెట్టింగుల పేజీ ఇప్పుడు బ్రౌజర్‌లో 192.168.1.1 మీద తెరుచుకుంటుంది. తర్వాత అన్నింటినీ ఒకసారి ఆపి ఆన్ చేస్తే చాలు, ప్లాటర్ దానంతటదే కలిసిపోతుంది.

కొన్ని కంపెనీలు ఇచ్చే రౌటర్లలో లాన్ సెట్టింగులు మార్చనివ్వరు. అప్పుడు ప్లాటర్ వైపు నుంచి రావాల్సిందే.

ప్లాటర్‌ను కొత్త నెట్‌వర్క్‌లోకి తేవడం

వీలుంటే వైఫై వదిలేసి లాన్ కేబుల్ వేయండి. ఏ0 షీట్ అంటే 841 × 1189 మి.మీ. ఫొటోలున్న పోస్టర్ ఆ సైజులో వందల ఎంబీలు ఉండొచ్చు. వైఫై మధ్యలో మొరాయిస్తే మెషీన్ సగంలో ఆగొచ్చు, రోల్ వృథా. కేబుల్‌ను రౌటర్‌లో లాన్ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి, బయటి ఇంటర్నెట్ లైన్ వచ్చే వాన్ పోర్టులో కాదు. పెట్టాక ప్లాటర్ వెనక పోర్టు దగ్గర లైట్ వెలగాలి. వెలగకపోతే ఇక సెట్టింగులు వెతికి లాభం లేదు, కేబుల్ మార్చండి.

తర్వాత ప్లాటర్ స్క్రీన్ మీద సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్’ లేదా ‘కనెక్టివిటీ’ తెరవండి. మోడల్‌ను బట్టి మెనూ పేర్లు మారతాయి కానీ, లోపల ఐపీ మెథడ్ లాంటిది ఒకటి ఉంటుంది. అది ‘మాన్యువల్’లో ఉంటే ‘ఆటోమేటిక్’ లేదా ‘డీహెచ్‌సీపీ’కి మార్చండి. మెషీన్‌ను రీస్టార్ట్ చేయండి, అదీ ప్యానెల్ మీది పవర్ బటన్‌తోనే. గోడ స్విచ్ ఆపేస్తే ప్రింట్ హెడ్లు తమ చోటికి చేరి మూత పడే వ్యవధి ఉండదు. హెడ్ ఎండిపోతే క్లీనింగ్‌కే బోలెడు ఇంకు పోతుంది.

ఆన్ అయ్యాక ఐపీ నంబర్ చూడండి. కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ కొట్టి రోల్ ఖర్చు చేయనక్కర్లేదు, స్క్రీన్ మీదే కనిపిస్తుంది. కొత్త రౌటర్ వరుసలో, ఉదాహరణకు 192.168.29.37 అని ఉంటే పని సగం అయినట్టే. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి దానికి నంబర్ అందలేదని అర్థం. కేబుల్ తీసి వేరే లాన్ పోర్టులో పెట్టి, రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 0.0.0.0 అని ఉంటే సాధారణంగా కనెక్షనే లేనట్టు.

వైఫై తప్పదంటే ప్యానెల్‌లోని వైఫై సెటప్ నుంచి కొత్త పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టండి. లిస్టులో మీ వైఫై పేరే రాకపోతే ప్లాటర్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే రకం అయ్యుండొచ్చు, పాత మోడళ్లు చాలావరకు అంతే. రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలు రెండింటినీ వేర్వేరు పేర్లతో విడదీయండి. పేరు కనిపించినా కలవకపోతే సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3లో ఉందేమో చూసి డబ్ల్యూపీఏ2కి తెండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో మాత్రం కలపొద్దు. అందులో ఉన్న పరికరాలు ఆఫీసు కంప్యూటర్లకు సాధారణంగా కనిపించవు.

నంబర్‌ను రౌటర్‌లో ఫిక్స్ చేయండి

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. కొన్నాళ్లకు కరెంటు పోయి వచ్చాక ప్లాటర్‌కు వేరే నంబర్ పడొచ్చు, కథ మళ్లీ మొదటికొస్తుంది. అలాగని నంబర్‌ను మళ్లీ ప్లాటర్‌లోనే ఫిక్స్ చేస్తే ఇంకో రౌటర్ మార్చిన రోజు ఇదే తంతు. కాబట్టి ప్లాటర్‌ను ఆటోమేటిక్‌లోనే ఉంచి, రౌటర్‌లో ‘అడ్రస్ రిజర్వేషన్’ లేదా ‘ఐపీ-మ్యాక్ బైండింగ్’ అనే చోట ప్లాటర్ మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే వచ్చే గుర్తింపు నంబర్) ఇచ్చి ఒక ఐపీ నంబర్ రాసిపెట్టండి. కేబుల్‌కు ఒక మ్యాక్, వైఫైకి ఇంకో మ్యాక్ ఉంటుంది. మీరు వాడేది ఏదో చూసి అదే ఇవ్వాలి.

రౌటర్‌లో ఆ సౌకర్యం లేకపోతేనే ప్లాటర్‌లో మాన్యువల్. అప్పుడు డీహెచ్‌సీపీ రేంజ్ బయట ఉన్న నంబర్ ఎంచుకోండి. గేట్‌వే, డీఎన్ఎస్ గడుల్లో కొత్త రౌటర్ నంబర్ వేయడం మరిచిపోకండి. అక్కడ పాతదే ఉంటే ఆఫీసులోంచి ప్రింట్ వస్తుంది కానీ, ఈమెయిల్ ప్రింటింగ్, క్లౌడ్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు పనిచేయవు. కారణం అంత తేలిగ్గా తట్టదు కూడా.

కంప్యూటర్‌కు కొత్త చిరునామా చెప్పడం

ముందు కంప్యూటర్‌కు ప్లాటర్ అందుతోందో లేదో చూద్దాం. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పింగ్ అని టైపు చేసి, ఒక స్పేస్ ఇచ్చి, ప్లాటర్ ఐపీ కొట్టి ఎంటర్ నొక్కండి. ‘రిప్లై ఫ్రమ్’ అని ఆ ఐపీ నుంచి లైన్లు వస్తే దారి ఉన్నట్టు. ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’, ‘అన్‌రీచబుల్’ అని వస్తే వెనక్కి వెళ్లి రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. చాలా ప్లాటర్లకు తమ సొంత వెబ్ పేజీ ఉంటుంది. బ్రౌజర్‌లో అదే నంబర్ కొడితే ఇంకు ఎంతుందో, ఏ రోల్ ఎక్కించారో కూడా అక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరిచి, ప్లాటర్ పేరు నొక్కి, ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లోకి వెళ్లండి. పక్కనే ఉండే ‘ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్’ ఇది కాదు. ‘పోర్ట్స్’ ట్యాబ్‌లో టిక్ ఇంకా పాత నంబర్ పక్కనే ఉంటుంది. ‘యాడ్ పోర్ట్’ నొక్కి, ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకుని కొత్త ఐపీ ఇవ్వండి. పోర్ట్ నంబర్ అడిగితే మామూలుగా 9100. టిక్ కొత్తదాని మీదికి వచ్చాక అప్లై కొట్టండి. ప్రింటర్ పేరు మారలేదు కాబట్టి ఆటోకాడ్ మామూలుగా నడుస్తుంది. రిప్ సాఫ్ట్‌వేర్ (డిజైన్ ఫైల్‌ను ప్లాటర్ ప్రింట్ చేయగల రూపంలోకి మార్చేది) వాడేవాళ్లు మాత్రం అందులో కూడా ప్లాటర్ అడ్రస్ మార్చాలి. చాలావరకు అది విండోస్ పోర్టును పట్టించుకోకుండా నేరుగా మెషీన్‌తో మాట్లాడుతుంది.

ప్రింట్ కొట్టే ముందు క్యూ తెరవండి. పొద్దున్నుంచి ‘రావట్లేదు’ అని పదిసార్లు నొక్కినవన్నీ అక్కడ వరుసగా ఉంటాయి. వాటిని క్యాన్సిల్ చేయకపోతే కనెక్షన్ కుదిరిన క్షణాన ఒకే ప్లాన్ పది కాపీలు రోల్ మీద దిగుతాయి. క్యూ మెనూలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. చిన్న డ్రాయింగ్ ఒకటి పంపి చూడండి.

యాపిల్ మ్యాక్ కంప్యూటర్ వాడేవాళ్లయితే ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో ‘యాడ్’ నొక్కి, ఐపీ ట్యాబ్‌లో కొత్త నంబర్ ఇస్తే సరిపోతుంది.

ఒక కంప్యూటర్‌లో ప్రింట్ వచ్చి పక్కదాంట్లో రాకపోతే ఆ రెండోది ఏ వైఫైలో ఉందో చూడండి. పాత రౌటర్‌ను తీసేయకుండా ఓ మూల ఆన్‌లోనే ఉంచే ఆఫీసులు చాలా ఉంటాయి. ఆ కంప్యూటర్ దానికి అతుక్కుని ఉంటే నెట్ వస్తున్నా రాకపోయినా ప్లాటర్ మాత్రం దొరకదు. పాత వైఫై పేరును ‘ఫర్గెట్’ కొట్టి, ఆ రౌటర్ ప్లగ్ పీకేయండి.