కణాలను కొలుద్దాం – 4: మూడు రెట్లంటే మూడింతల వెడల్పు కాదు

గత పాఠం తరువాత మీరు పంపిన కొలతలన్నీ చూశాను. పాప్ స్మియర్‌లో, అంటే గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల స్లైడులో, ఆరోగ్యంగా ఉన్న ఇంటర్మీడియట్ (మధ్య పొర) కణంలో కేంద్రకం వెడల్పు 30 మైక్రాన్లని (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అమలాపురం విద్యార్థిని ఒకరు రాశారు. భీమవరం నుంచి 28 వచ్చింది. కాకినాడ కాగితాలు మూడింటిలోనూ అదే వరస. కొలిచిన చేతిలో తప్పు లేదు. స్టేజి మైక్రోమీటరు (కొలగీతలున్న స్లైడు) పెట్టి 10ఎక్స్ ఆబ్జెక్టివ్ (స్లైడుకు దగ్గరగా ఉండే కటకం) కింద ఐపీస్ (కంటి దగ్గరి కటకం) స్కేలులోని గీత విలువ కట్టారు, తరువాత 40ఎక్స్‌కు మారి అదే విలువతో గుణించారు. 10ఎక్స్‌లో ఐపీస్ గీత సుమారు 10 మైక్రాన్లయితే 40ఎక్స్‌లో అది రెండున్నరే. మీ మూడు గీతలు 30 కాదు, ఏడున్నర. ఏ ఆబ్జెక్టివ్‌కు ఆ విలువ కట్టి, చిన్న చీటీ మీద రాసి మైక్రోస్కోపుకు అంటించండి.

సరిచేసి చూస్తే మీ కొలతలు బాగున్నాయి. పాప్ స్మియర్‌లో ఇంటర్మీడియట్ కణం కేంద్రకం వైశాల్యం సుమారు 35 చదరపు మైక్రాన్లు, వెడల్పు ఏడుకు అటూ ఇటూ. ఎర్రరక్తకణం అంత ఉంటుంది. నేను స్లైడు పెట్టగానే ముందు అలాంటి కణాన్ని ఒకదాన్ని వెతికి పట్టుకుంటాను. అనుమానించిన కణాన్ని పుస్తకంలోని అంకెతో పోల్చను, అదే స్లైడులో ఉన్న ఈ కణంతో పోలుస్తాను. ఎక్కించిన రంగు, నానబెట్టిన సమయం రెండింటికీ ఒకటే కదా.

ఇక అసలు చిక్కు. స్మియర్ ఫలితాలను వర్గీకరించడానికి 1988లో మొదలైన బెథెస్డా పద్ధతిలో ఎల్‌ఎస్‌ఐఎల్‌కు, అంటే క్యాన్సర్ కాని తొలి స్థాయి మార్పుకు, కేంద్రకం మామూలు ఇంటర్మీడియట్ కేంద్రకం కన్నా మూడు రెట్లకు పైగా ఉండాలంటారు. మీలో సగం మంది 21 మైక్రాన్ల వెడల్పు కోసం వెతికి, కనబడక, స్లైడు మామూలుగా ఉందని రాశారు. ఆ మూడు రెట్లు వైశాల్యానివి. వెడల్పువి కావు!

చెరువుల లెక్కలో చెబుతాను. ఎకరం చెరువును చతురస్రంగా తవ్వితే ఒక గట్టు సుమారు 64 మీటర్లు. మూడెకరాల చెరువుకు గట్టు ఎంత? 192 అనుకుంటే ఆ చెరువు తొమ్మిదెకరాలు దాటిపోతుంది. 110 మీటర్లు చాలు. గట్టు మీద నడిచేవాడికి ఆ తేడా రెండింతలు కూడా ఉండదు, నీళ్లు మాత్రం మూడింతలు పడతాయి. కేంద్రకమూ అంతే. ఏడు మైక్రాన్లు పన్నెండయితే వైశాల్యం మూడింతలకు చేరినట్టే. 40ఎక్స్ కింద అది మూడు గీతల నుంచి అయిదు గీతలకు పెరగడం. రెండు గీతల తేడాను తేలికగా తీసుకుంటే ఒక ఆడమనిషికి అందాల్సిన హెచ్చరిక అందదు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

హెచ్‌ఎస్‌ఐఎల్‌లో, అంటే ఇంకా క్యాన్సర్ కాని తీవ్ర స్థాయి మార్పులో, కథ తిరగబడుతుంది. అక్కడ కేంద్రకం మరీ పెద్దదిగా ఉండకపోవచ్చు, కణమే చిన్నదవుతుంది. మామూలుగా 50 మైక్రాన్ల కణంలో 7 మైక్రాన్ల కేంద్రకం ఉంటే అది కణంలో రెండు శాతం. 16 మైక్రాన్ల కణంలో 11 మైక్రాన్ల కేంద్రకం ఉంటే దాదాపు సగం. రెండు వెడల్పులనూ వర్గం చేసి భాగించండి, చాలు. వృత్త వైశాల్యంలో వచ్చే π రెండు వైపులా కొట్టుకుపోతుంది. క్యాన్సర్‌లో తోకకప్పలా సాగిన కణాలు కనిపించినప్పుడు ఈ అడ్డదారి పనికిరాదు. అక్కడ కేంద్రకం పొడవును, వెడల్పును గుణించి 0.785తో హెచ్చించండి. అంచు నొక్కులు, క్రోమాటిన్ (కేంద్రకంలో రంగు పట్టే పదార్థం) ముద్దలు కూడా రాయండి. కొలత ఒక్కటే రోగనిర్ధారణ కాదు, తుది మాట పాథాలజిస్టుది.

ఒకప్పుడు నేను పనిచేసిన చోట స్మియర్‌లను ఫ్యాను కింద వదిలేసేవారు. గాలికి ఆరిన కణం పరుచుకుపోతుంది, కేంద్రకం ఉబ్బి అంచు మసకబారుతుంది. అలాంటి స్లైడును నమ్మి కోనసీమ లంక గ్రామం నుంచి ఒకామెను మళ్లీ పిలిపించారు. రెండోసారి తీసి, తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాలులో వేసిన స్మియర్‌లో ఏ మార్పూ లేదు. ఆ మధ్య రోజుల్లో తనకు నిద్ర లేదని ఆమె నాతో చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఈసారి అభ్యాసం మీ బుగ్గ లోపలి కణాలతోనే. రెండు స్లైడులు తీయండి. ఒకటి వెంటనే ఆల్కహాలులో, రెండోది ఫ్యాను కింద. రెండింటికీ ఒకే రంగు వేసి, ఒక్కోదాంట్లో యాభై కేంద్రకాలను అడ్డంగా, నిలువుగా కొలవండి. సగటు ఒక్కటే పంపవద్దు, రెండు వందల అంకెలూ కావాలి. ఏ ఆబ్జెక్టివ్‌తో కొలిచారో పైన రాయండి.