పాత గిటార్ యాంప్‌కి కొత్త ట్యూబులు

ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, ఛాసిస్ (యాంప్ లోపలి లోహపు పెట్టె) లోపల చెయ్యి పెట్టొద్దు. గాజు ట్యూబులను అరగంట చల్లారనివ్వండి. ఓసారి ఆగలేక పట్టుకున్నాను, రెండు వేళ్లు బొబ్బలెక్కాయి.

అన్నీ ఒకేసారి పీకకండి, ఏది ఎక్కడిదో మర్చిపోతాం. 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబు మీద రేకు టోపీ ఉంటే నొక్కి తిప్పితే ఊడుతుంది. ట్యూబును అడుగున పట్టుకుని, కాస్త అటూ ఇటూ కదుపుతూ నేరుగా లాగాలి, మెలితిప్పకూడదు. కొత్తది పెట్టేటప్పుడు చూడండి, దాని తొమ్మిది పిన్నుల మధ్య ఒకచోట ఖాళీ ఎక్కువుంటుంది. అది సాకెట్‌లోని ఖాళీకి ఎదురుగా వస్తేనే నొక్కండి.

6ఎల్6 లాంటి పవర్ ట్యూబులైతే (స్పీకర్‌ను నడిపే పెద్దవి) మ్యాచ్ చేసిన, అంటే ఒకేలా పనిచేసే జత కొనండి. ఫిక్స్‌డ్ బయాస్ యాంప్ (పవర్ ట్యూబుల్లో పారే కరెంటును విడిగా సరిచేయాల్సిన రకం) అయితే ఆ బయాస్ సెట్టింగ్‌ను పని తెలిసిన మెకానిక్‌కి వదిలేయండి, నేనూ అంతే. ఆన్ చేసేముందు స్పీకర్ తగిలించారో లేదో చూసుకోండి.