కొత్త డార్క్ రైడ్ రియాక్షన్స్ చూసి ఇంట్లోవాళ్లని ఎక్కించాలా వద్దా తేల్చుకోవడం ఎలా

సమ్మర్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తయ్యా మామయ్యలో వచ్చారంటే ఓర్లాండో ట్రిప్పు ఖాయం కదా, అసలు గోల అప్పుడే మొదలవుతుంది. పార్కులో కొత్త ఫ్యామిలీ రైడ్ ఏదో ఓపెన్ అయిందంటారు, యూట్యూబ్ తెరిస్తే ఒకడు ఆనందంతో ఏడుస్తుంటాడు, పక్క వీడియోలో ఇంకోడు పార్కు నాశనం అయిపోయింది అని శాపనార్థాలు పెడుతుంటాడు. ఇద్దరూ ఎక్కింది అదే రైడ్. ఇవన్నీ చూసి మనింట్లో నాలుగేళ్ల పాపని, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యని తీసుకెళ్లాలా వద్దా అని ఎలా డిసైడ్ చెయ్యాలి? నేనైతే ఇలా చూస్తా.

డార్క్ రైడ్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క: బిల్డింగ్ లోపల, చీకట్లో, చిన్న బండిలో కూర్చోబెట్టి ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌కి తిప్పుతారు, బొమ్మలు, లైట్లు, పాటలు, అంతే. దయ్యాలే ఉండాలని రూలేం లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది, ఆ చోట ఇంతకుముందు ఏముండేది అని. ఇది చాలామంది చూడరు, కానీ సగం రియాక్షన్లు దీంతోనే అర్థమైపోతాయి. మిక్కీ అండ్ మిన్నీస్ రన్అవే రైల్వేనే తీసుకోండి, ఓర్లాండోలో డిస్నీ వాళ్ల హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో 2020 మార్చి 4న ఓపెన్ అయింది, మిక్కీ హీరోగా డిస్నీ పార్కుల్లో వచ్చిన మొదటి రైడ్ అదే, వినడానికే వింతగా ఉంటుంది, ఇన్నేళ్లూ మిక్కీకి సొంత రైడే లేదు. కానీ దాన్ని పెట్టింది ఎక్కడ, చైనీస్ థియేటర్ బిల్డింగ్‌లో, అంటే 1989లో పార్కు తెరిచిన రోజు నుంచి 2017 ఆగస్టు దాకా గ్రేట్ మూవీ రైడ్ నడిచిన చోట. పాత సినిమాల సెట్ల మధ్యలో నుంచి నిజం మనుషులు గైడ్లుగా ఉండి తిప్పేవాళ్లు, ఇరవై నిమిషాల రైడ్ అది. దాని మీద ప్రేమ ఉన్నవాళ్లకి అక్కడ ఐదు నిమిషాల కార్టూన్ రైలు పెడితే ఒళ్లు మండదా మరి. మన ఊళ్లో పాత టాకీస్ పడగొట్టి మల్టీప్లెక్స్ కడితే పెద్దవాళ్లకి అందులో పాప్‌కార్న్ కూడా నచ్చదు చూడండి, అదే బాధ. (ఆ పాత రైడ్‌లో ఏలియన్ సీన్ కూడా ఉండేదిలెండి, పసిపిల్లల్ని ఎక్కించడానికి దానికంటే మిక్కీయే నయం.)

అదే రైడ్‌ని 2023 జనవరి 27న కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో టూన్‌టౌన్‌లో తెరిచారు. అక్కడ దీని కోసం ఏ పాత రైడ్‌నీ మూయలేదు. అంతే, టోన్ మొత్తం మారిపోయింది, జనాలు క్యూలో పెట్టిన కార్టూన్ మ్యూజియం ఎంత బాగుందో చెప్పుకుంటూ కూర్చున్నారు. లోపల రైడ్ దాదాపు అదే! అందుకే రియాక్షన్ చదివేటప్పుడు మొదటి రెండు లైన్లలో పాత రైడ్ పేరు వచ్చిందంటే దాన్ని సంతాప సభ కింద లెక్కేసుకుని కిందకి స్క్రోల్ చేసేయండి, వాళ్ల బాధ నిజమే, కానీ మన పాపకి ఆ పాత రైడ్ ఉండేదన్న సంగతే తెలీదు.

తర్వాత, మిగిలిన కంప్లైంట్లని రెండు కుప్పలు చెయ్యండి, కథ గురించినవి ఒకటి, ఒంటికి ఇబ్బంది పెట్టేవాటి గురించినవి ఒకటి. దీనికి మంచి ఉదాహరణ టియానాస్ బేయూ అడ్వెంచర్, 2024 జూన్ 28న ఓర్లాండోలోనే ఇంకో డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, స్ప్లాష్ మౌంటెన్ అనే పాత నీళ్ల రైడ్ చోట వచ్చింది. ఓపెన్ అయిన కొత్తలో జనాలంతా కొట్టుకుంది దేని మీదంటే, కథలో విలన్ లేడు, టెన్షన్ లేదు, అంతా పార్టీ మూడే అని, ఇంకోపక్క బొమ్మల కదలికలు మాత్రం అద్భుతం అని. సరే, రెండూ కరెక్టే అనుకుందాం. మీ అత్తయ్యకి ఆ విలన్‌తో ఏం పని? ఆవిడకి కావాల్సిన సమాచారం వేరే, చివర్లో దాదాపు 50 అడుగుల నుంచి పడవ కిందకి జారుతుంది, నీళ్లు పడతాయి, పడవలోకి దిగి కాళ్లు మడుచుకుని కూర్చోవాలి. 40 అంగుళాల ఎత్తు లేని పిల్లల్ని ఎక్కించరు కూడా. ఇవి రివ్యూల్లో ఎక్కడో ఆఖర్న ఒక లైన్‌లో ఉంటాయి, ఎందుకంటే రాసేవాళ్లు ఏడాదికి పదిసార్లు వెళ్లే ఫ్యాన్స్, వాళ్లకి ఆ డ్రాప్ లెక్కే కాదు. చీరలో ఉన్నవాళ్లకి లెక్కే. తడిసిన చీరతో ఏసీ రెస్టారెంట్‌లో కూర్చోవడం అంటే ఆ రోజుకి ఇంక ట్రిప్పు అయిపోయినట్టే, కాబట్టి దీన్ని ఎక్కాలనుకుంటే ఆ రోజుకి కుర్తాలోకి మారమని ముందురోజు రాత్రే చెప్పండి.

కాబట్టి సెర్చ్ చేసేటప్పుడు రైడ్ పేరు పక్కన రివ్యూ అని కొట్టకుండా, టాడ్లర్ అనో, మోషన్ సిక్‌నెస్ అనో, సీనియర్ అనో కొట్టండి. ఒక అమ్మ రాసిన నాలుగు లైన్లు, మా వాడు సుడిగాలి సీన్ దగ్గర చెవులు మూసుకున్నాడు కానీ దిగాక నవ్వాడు అని, అది చాలు, అరగంట వీడియో కంటే అదే పనికొస్తుంది.

ఇంక పూర్తి రైడ్ వీడియో చూసే పద్ధతి. సర్‌ప్రైజ్ పోతుంది అంటారు, పోనివ్వండి, ఇంట్లో ఒక్కరు చూస్తే చాలు. మొదట సౌండ్ తీసేసి చూడండి, బండి ఎంత కదులుతుంది, ఎక్కడ గిర్రున తిరుగుతుంది, చీకటి ఎంతసేపు, ఇవి క్లియర్‌గా తెలుస్తాయి. తర్వాత సౌండ్ పెట్టి చూడండి, పిల్లలు జడుసుకునేది ఎక్కువగా చప్పుడుకే, బొమ్మకి కాదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, వీడియోలో చీకటి నిజం చీకటి కంటే వెలుగ్గా కనిపిస్తుంది, కెమెరా వెలుగు పెంచేస్తుంది.

రన్అవే రైల్వేలో ఇలా చూస్తే తేలేది ఇది. ముందు ఒక గదిలో అందర్నీ నిలబెట్టి మిక్కీ మిన్నీ పిక్నిక్‌కి వెళ్లే కార్టూన్ వేస్తారు, మధ్యలో ఢామ్మని పేలుడు, పొగ, స్క్రీన్‌లో పెద్ద కంత పడుతుంది, ఆ కంతలోంచే మనం నడుచుకుంటూ కార్టూన్ లోపలికి వెళ్తాం. పెద్దవాళ్లు ఓహో అనేది ఇక్కడే, చిన్నపిల్లలు అమ్మ కాలు పట్టుకునేది కూడా ఇక్కడే. అందుకే ఆ గదిలోకి వెళ్లేముందే ఎత్తుకోండి, ఢాం అంటుంది చూడు అని చెప్పెయ్యండి, చెప్పి ఉంటే భయం సగం తగ్గుతుంది. లోపల గూఫీ నడిపే రైలు, కాసేపటికి పెట్టెలు ఇంజన్ నుంచి విడిపోయి దేని దారి అది పడతాయి, కింద పట్టాలుండవు. సుడిగాలి సీన్‌లో తిప్పుతుంది, ఫ్యాక్టరీ దగ్గర ఊపుతుంది, డైసీ డ్యాన్స్ స్కూల్లో బండే వాల్ట్జ్ వేస్తుంది, అది చూసి మామయ్యగారు కూడా తల ఊపుతారు. పెద్ద డ్రాప్ లేదు, హైట్ లిమిట్ లేదు, చంటిపిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు.

కళ్లు తిరిగేవాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రియాక్షన్లలో అన్నీ స్క్రీన్లే అన్న కంప్లైంట్ ప్రతి కొత్త రైడ్‌కీ వస్తుంది, కానీ స్క్రీన్లలో తేడాలున్నాయి. మనం ఒకచోట కూర్చుని ఎదురుగా పెద్ద తెర ఊగుతుంటే కడుపులో తిప్పేది ఎక్కువ. రన్అవే రైల్వేలో చాలావరకు నిజం సెట్ల మీదే ప్రొజెక్షన్ వేస్తారు, త్రీడీ కళ్లద్దాలు లేవు, బండి కూడా నిజంగానే కదులుతుంది కాబట్టి కంటికీ ఒంటికీ పెద్దగా పేచీ రాదు. ఓర్లాండోలోనే ఎప్‌కాట్ అనే డిస్నీ పార్కులో 2021 అక్టోబర్ 1న వచ్చిన రెమీస్ రాటటూయీ అడ్వెంచర్‌లో కూడా బండి పట్టాల్లేకుండానే తిరుగుతుంది కానీ పెద్ద పెద్ద తెరల ముందు ఎక్కువసేపు ఉంటాం, కార్లో ఫోన్ చూస్తే వాంతి వచ్చేవాళ్లు దీనికి ముందు కడుపు నిండా తినొద్దు. అస్సలు తట్టుకోలేనివాళ్లు ఎక్కకపోయినా నష్టం లేదు.

ఇంకా, ఓపెన్ అయిన మొదటి వారాల్లో వచ్చే గంటన్నర నిలబెట్టారు, మధ్యలో ఆగిపోయింది లాంటివి రైడ్ మీద తీర్పు కాదు, కొత్త మెషిన్ అన్నాక కుదురుకోడానికి టైమ్ పడుతుంది. కుదిరితే కొన్ని నెలలు ఆగి వెళ్లండి. ఆగలేకపోతే పొద్దున్నే గేటు తెరవకముందే ఉండండి, లేదా డబ్బులు కట్టి పొట్టి క్యూలో వెళ్లే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ కొనండి, డిస్నీ హోటల్లో దిగినవాళ్లకి 7 రోజుల ముందు నుంచి, మిగతావాళ్లకి 3 రోజుల ముందు నుంచి బుకింగ్ ఉంటుంది, కాకపోతే ఆరుగురికి లెక్కేస్తే డాలర్లు బానే వదుల్తాయి. ఎత్తు చాలని పిల్ల ఉంటే టియానా లాంటివాటికి రైడర్ స్విచ్ అడగండి, సగం మంది ఎక్కొచ్చాక పిల్లని వాళ్లకి అప్పగించి మిగతావాళ్లు మళ్లీ మొదటి నుంచి క్యూ కట్టకుండా వెళ్లొచ్చు. క్యూలో నడక, నిలబడటం కష్టమైన పెద్దవాళ్లకి వీల్‌చెయిర్ రెంట్‌కి తీసుకోండి, మొహమాటపడతారు, నాకెందుకమ్మా అంటారు, అయినా తీసుకోండి. వీల్‌చెయిర్‌తో నేరుగా వెళ్లొచ్చా, దిగి మారాలా అనేది ఒక్కో రైడ్‌కి ఒక్కోలా ఉంటుంది, ఆ రైడ్ పేజీలో చూసుకోండి.

మొదటి రైడ్ దిగాక మనవాళ్ల రియాక్షన్ కూడా చదవడం రావాలి మరి. పాప మళ్లీ మళ్లీ అని గెంతితే డౌటే లేదు. అత్తయ్య ఆ గూఫీగాడి గురించి తనే ఏదో చెప్పడం మొదలుపెడితే నచ్చినట్టే, తర్వాత హాంటెడ్ మాన్షన్ లాంటి దయ్యాల బంగళా రైడ్ ట్రై చెయ్యొచ్చు. ఊరికే బానే ఉందమ్మా అని నీళ్ల బాటిల్ అడిగారంటే మాత్రం కళ్లు తిరిగాయని అర్థం, ఎంత అడిగినా ఒప్పుకోరు, నీడలో పావుగంట కూర్చోబెట్టి పెరుగన్నం డబ్బా తెరవండి, తర్వాతి రైడ్ సంగతి ఆ తర్వాత.